పెనూయేలు మందిరానికి కాంతం పోసిన దిమ్మెలు

కూలగొట్టిన ఇళ్ళు రాజార్‌హాట్ యార్డుకు చేరేసరికి వాటికి పేర్లుండవు. మటాడోర్ బండి వెనకతలుపు దించగానే ఎవరిదో పడకగది, ఎవరిదో వంటగట్టు, ఏ పిల్లవాడో తన ఎత్తు కొలుచుకుని పెన్సిలు గీత గీసుకున్న గోడ, అన్నీ ఒకే ధూళిగా కిందికి జారతాయి. కలకత్తా జనం దాన్ని రాబిష్ అంటారు. ఆ రాబిష్‌ని ఏరి, కడిగి, మరలో వేసి రవ్వ చేసి, సిమెంటూ బూడిదా కలిపి దిమ్మెలు పోస్తారు అక్కడ. ఆ దిమ్మెలతో న్యూ టౌన్‌లో ప్రహరీలు లేస్తాయి. నగరం తన పాత ఎముకల్ని తానే నమిలి మళ్ళీ ఒళ్ళు చేసుకుంటున్నట్టు ఉంటుంది.

కాంతం అక్కడ ఏరే ఆడవాళ్ళకు పెద్ద. చీర మీద మగవాళ్ళ చొక్కా, ముక్కుకి తడిగుడ్డ, నెరిసిందో దుమ్ము పడిందో తెలియని జుట్టు. కదిలే రబ్బరు పట్టా పక్కన నిలబడి కర్రముక్కలు, ప్లాస్టిక్కు, ఇనుపచువ్వలు ఏరుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఉత్తుత్తి సీలింగుల తెల్ల జిప్సం ముక్కలు. అవి సుద్దలా మెత్తగా, అమాయకంగా ఉంటాయి. దిమ్మెలోకి పోయాయంటే మాత్రం రెండు వానాకాలాలు తడి తాగి, లోపల్లోపల ఉబ్బి, గోడని చీలుస్తాయి. "తెల్లటోడిని నమ్మకండే," అని కాంతం పక్క ఆడవాళ్ళతో అంటుంది. వాళ్ళు బెంగాలీ వాళ్ళు. మాట అర్థం కాకపోయినా నవ్వుతారు.

కాంతానికి ఒక పగ ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు. అలాగని చల్లారనివ్వనూ లేదు. అన్నం వండుకున్నట్టు రోజూ కొంచెం వండుకునేది.

గార్డెన్ రీచ్‌లో ఓడల యార్డుకు పోయే రోడ్డు మీదినుంచి లోపలికి తిరిగితే ఒక సందు. ఆ సందు చివర పెనూయేలు తెలుగు ప్రార్థన మందిరం. ఎప్పుడో శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. వచ్చినవాళ్ళలో రెండు రకాలు. రేవులో గుమాస్తాలుగా, క్రేను నడిపేవాళ్ళుగా చేరినవాళ్ళు కొందరు. నగరపు మురుగు ఎత్తడానికి చేరినవాళ్ళు ఇంకొందరు. దేవుడు ఒక్కడే, బెంచీలు మాత్రం వేరు. ముందు వరసలు డాకు వాళ్ళవి, అంటే రేవులో పనిచేసేవాళ్ళవి. తలుపు దగ్గరి వరసలు డ్రైను వాళ్ళవి. ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే చెరపవచ్చు.

కాంతం ముందు వరసలో పుట్టింది. తండ్రి ఎలీయాజరు ఖిదిర్‌పూర్ రేవులో గుమాస్తా. అన్న జాబేజ్ కూడా ఆ రేవులోనే గుమాస్తాగా చేసి, ఇప్పుడు సంఘానికి కార్యదర్శి. ఆమె మాత్రం వెనక వరసలో కూర్చునే బైరాగిని చేసుకుంది. బైరాగి మ్యాన్‌హోళ్ళలోకి దిగేవాడు. పొడుగ్గా ఉండేవాడు, నవ్వితే పైచిగురు కనిపించేది. అతను పాటకి గొంతెత్తితే ముందు బెంచీల వాళ్ళు వెనక్కి తిరిగి చూసి, చూసినందుకు సిగ్గుపడి, మళ్ళీ తల తిప్పుకునేవాళ్ళు. పెళ్ళి రోజునుంచి కాంతం తలుపు దగ్గరి బెంచీకి మారింది. అక్కడ గాలి బాగా వస్తుందని అందరితో చెప్పేది.

కార్పొరేషనులో ఉద్యోగం అయిపోయాక ఒక ప్రైవేటు కాంట్రాక్టరు పిలిస్తే బైరాగి మళ్ళీ దిగాడు. తారాతలా వైపు, మూతపడిన గోనెసంచుల గోదాము వెనక సందు. ఆ సందుకంతటికీ ఒక్కటే మ్యాన్‌హోలు. లోపలి గాలి అతన్ని నిలబడ్డచోటే నిద్రపుచ్చింది. బయటికి తీసేసరికి మర్నాడైంది.

పెనూయేలు సంఘంలో ఎవరు పోయినా పెట్టెను మందిరంలోకి తెస్తారు. వేదిక ముందు రెండు స్టూళ్ళ మీద ఉంచి, చివరి ప్రార్థన చేసి, అప్పుడు సమాధుల తోటకు తీసుకువెళతారు. బతికి ఉండగా ఏ బెంచీలో కూర్చున్నా, ఆ ఒక్క రోజూ మనిషి అందరికంటే ముందుంటాడు. బైరాగి పెట్టె గుమ్మం దాకా వచ్చింది. జాబేజ్ ద్వారబంధానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. రేపు లోపల పెళ్ళి ఉంది, పూలు కట్టేశారు. ఎంత సెంటు జల్లినా ఆ వాసన పోదు. వరండాలో పెట్టండి. దేవుడికి వరండా అయినా ఒకటే."

"దేవుడికి ఒకటే అయితే లోపలెట్టీ అన్నియ్యా."

"చెబితే వినవేటి? జనం చూస్తున్నారు."

వాన పడుతోంది. వరండా రేకుకి చిల్లులు. పాస్టరు లోపల పొడి నేలమీద నిలబడి బయటికి ప్రార్థన చేశాడు. కాంతం తన గొడుగు పెట్టె మీద పట్టింది. తన నెత్తిన వాన పడనిచ్చింది. ఏడవలేదు. ఆ తడిలో ఒక్క మాట అనుకుంది: నిన్ను ఈ గుమ్మంలోంచే లోపలికి తెస్తాను. ఈడి సేతే తెప్పిస్తాను.

ఎలా తెస్తుందో ఆమెకు తెలియదు. సమాధిలో ఉన్న మనిషిని మందిరంలోకి తేవడానికి దారేముంటుంది? అయినా ఆ మాటకి రోజూ నీళ్ళు పోసింది. యార్డులో పచ్చి దిమ్మెలకు పైపు పట్టి తడిపేటప్పుడు, తడి లేకుండా ఆరిపోయినది పొడిపొడిగా రాలిపోతుందనీ, తడి అందిందే రాయవుతుందనీ ఆమె చేతులకు తెలుసు. పగ కూడా అంతేనని ఆమె నమ్మకం.

తరవాత మందిరం గోడలు బీటలిచ్చాయి. కప్పులోంచి ఒక పెచ్చు ఊడి వేదిక మీద పడింది. కమిటీ పాత కట్టడం దించి కొత్తది కడదామంది. ఒక ఆదివారం జాబేజ్ అందరిముందూ మొక్కుకున్నాడు: పెద్దలు కట్టిన గోడల్ని చెత్తలో పడేయను, ఆ గోడలతోనే కొత్త మందిరం లేపుతాను, మరొకళ్ళ ఇంటి రవ్వ ఒక్కటి కలవనివ్వను. జనం చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గరి బెంచీలో కాంతం కూడా కొట్టింది.

కలకత్తాలో ఎవరి రాబిష్‌ని వాళ్ళకే దిమ్మెలుగా పోసి ఇచ్చే యార్డు కోసం వెతికి వెతికి, ఆ మొక్కును జాబేజ్ రాజార్‌హాట్ తెచ్చాడు. చెల్లెలు ఏదో యార్డులో పనిచేస్తుందని మాత్రమే అతనికి తెలుసు. ఏ యార్డో ఎప్పుడూ అడగలేదు.

"నువ్వు ఇక్కడేనా?" అన్నాడు, తెల్లచొక్కా మీద దుమ్ము పడకుండా జేబురుమాలు అడ్డం పెట్టుకుని.

"ఇక్కడే. ఏటి, ఇలాగొచ్చినావు?"

సంగతంతా చెప్పాడు. చెబుతుంటే అతని గొంతు తడిసింది. అది నిజమైన తడే. "మన నాన్న చేరబడి కూర్చున్న గోడలమ్మా అవి. వేరే ఎవడి మురికీ అందులో కలవకూడదు. నువ్వుండటం దేవుడి ఏర్పాటు. నువ్వు చూసుకో కాంతం."

"సూసుకుంటాను అన్నియ్యా," అంది కాంతం. ముక్కుకి గుడ్డ ఉండటం వల్ల ఆమె మొహంలో ఏం జరిగిందో అతనికి కనిపించలేదు.

యార్డులో ఒక్కో ఆర్డరుకి ఒక్కో కుప్ప. ఏ కుప్ప ఎవరిదో తెలియడానికి వెదురుకర్రకి రంగుగుడ్డ కట్టి పాతుతారు. పెనూయేలు మందిరానికి పసుపు గుడ్డ. పక్కన నీలం గుడ్డ గార్డెన్ రీచ్ బస్‌స్టాపు దగ్గర కట్టబోయే మరుగుదొడ్డిది.

మందిరం మొదటి బండి వచ్చిన రోజు కాంతం కుప్ప ముందు చాలాసేపు నిలబడింది. లేతనీలం సున్నం అంటిన ఇటుకలు. గుమ్మం పక్క గోడ ముక్కను ఆమె గుర్తుపట్టింది. అన్న చెయ్యి అడ్డం పెట్టిన చోటు. దాన్ని మరలోకి విసిరింది. మర దాన్ని నలిపిన చప్పుడు ఆమె ఒంట్లో తీపిగా దిగింది. కానీ ఆ తీపి సాయంత్రానికే చప్పబడింది.

రాత్రి అన్నం ముందు కూర్చున్నా చేతుల్లో తెల్లముక్కలే మెదిలాయి. నాలుగు గంపలు ఏరకుండా వదిలేస్తే చాలు. రెండు వానలకి జాబేజ్ మందిరం నిలువునా చీలుతుంది. ఈ ఆలోచనని ఆమె ఒక వారం మోసింది. తరవాత దించేసింది. గోడ చీలితే మేస్త్రీని తిడతారు, సిమెంటుని తిడతారు. పైగా పిల్లలు కూర్చునే చోటు. జాబేజ్‌కి ఏం కాదు, మళ్ళీ ఒక మొక్కు మొక్కుకుంటాడు.

అప్పుడు సలీం బండి వచ్చింది. సలీం యార్డుకి మటాడోర్ నడిపే మనిషి, ఎప్పుడూ బుగ్గలో పాన్ ఉంటుంది.

"మాశీ, ఇది మరుగుదొడ్డి ఆర్డరుది. తారాతలా సరుకు. గోదాము వెనక సందు లేదూ, అక్కడి మ్యాన్‌హోలు గది మొత్తం తవ్వి కొత్తది పెడుతున్నారు. ఎక్కడ పొయ్యమంటావు?"

కాంతం బండి వెనక్కి వెళ్ళి చూసింది. నల్లగా, బాగా మాడి కాలిన పాతకాలపు ఇటుక. ఒక ముక్క తీసుకుంది. తడిగా, బరువుగా ఉంది. బైరాగి ఆఖరిసారి చెయ్యి ఆనించింది ఈ ఇటుకకే. అతను పిలిచి ఉంటే విన్నది ఇదొక్కటే. లోకంలో ఇంకెవరూ వినలేదు.

మధ్యాహ్నపు ఎండలో యార్డంతా తెల్లగా వెలుగుతోంది. ఆమె చెయ్యెత్తింది.

"అటు కాదు సలీం. ఆ పసుపు గుడ్డ దగ్గర పొయ్యి."

"పసుపా? అది గిర్జా వాళ్ళది కదా, చర్చి వాళ్ళది?"

"మార్చినారు. నీ ఎనకాల గిర్జా బండొస్తాది సూడు, దాన్ని నీలం కాడ పొయ్యమను."

సలీం భుజాలెగరేశాడు. బండి వెనక్కి నడిచింది, తలుపు దిగింది, నల్ల ఇటుక పసుపు గుడ్డ కింద జారింది. అంతే. చెయ్యి ఎత్తి దించినంత పని. వెనకనే వచ్చిన బండిలో లేతనీలం సున్నం గోడలు మరుగుదొడ్డి కుప్పలో పడ్డాయి.

ఆ తరవాత కాంతం పనిచేసిన తీరు యార్డులో ఇంకా చెప్పుకుంటారు. ఆ నల్ల ఇటుకని ఆమె మూడు నీళ్ళలో కడిగించింది. తెల్లముక్క ఒక్కటి లేకుండా తానే ఏరింది. రవ్వ జల్లెడ పట్టేటప్పుడు దగ్గర నిలబడింది. అచ్చుల్లోంచి వచ్చిన దిమ్మెల మీద తడిగోనెలు కప్పింది. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం నీళ్ళు, పొద్దుగూకే ముందు నీళ్ళు. తల్లి పురిటిబిడ్డకి స్నానం చేయించినట్టుంది చూసేవాళ్ళకి. అందులో ప్రేమ లేదని కాదు. కానీ ప్రేమ ఒక్కటే అయితే ఆ చూపులో అంత మంట ఉండదు. గోడ నిలవాలి. జాబేజ్ బతికినంత కాలం, జాబేజ్ మనవల కాలం నిలవాలి. గోడ పడితే పగ కూడా పడిపోతుంది.

మేనేజరు పరితోష్ ఒక రోజు ఆ వరస దగ్గర ఆగాడు.

"మాశీ, మిగతావి ఎర్రగా ఉన్నాయి, ఇవి ఇంత నల్లగా వచ్చాయేం? గిర్జా ఇటుకేనా?"

"పాత గిర్జా దాదా. ఎన్నేళ్ళ కొవ్వొత్తుల పొగో."

"కొవ్వొత్తి పొగ ఇటుక లోపలికి పోతుందా?"

"పొగొక్కటేటి, పాపాలు కూడా దిగుంటాయి."

పరితోష్ పకపకా నవ్వాడు. అయినా ఒక దిమ్మెను నడుమెత్తునుంచి నేలకి వదిలాడు. విరగలేదు. రెండింటిని తాకించాడు. గంట కొట్టినట్టు ఖంగుమన్నాయి. ఒకదాన్ని పరీక్ష మిషనులో పెట్టి నొక్కించాడు. కాంతం గుండె ఆ మిషను ఇనుపపళ్ళ మధ్యే ఉంది. సూది మామూలు దిమ్మెలు విరిగే చోటు దాటి ఇంకా పైకి పోయింది.

"బాప్ రే. పాపాలు గట్టివే మాశీ," అన్నాడతను. "పంపించెయ్."

కూతురు కారుణ్యకి మాత్రం చెప్పింది కాంతం. కారుణ్య సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పనిచేస్తుంది. వింటూ వింటూ టీ కప్పు కింద పెట్టింది.

"మా, నువ్వు పాగల్ అయ్యావా? డ్రైను ఇటుకలు చర్చిలోనా?"

"డ్రైను ఇటుకలు కావే. మీ నాన్న గది."

కారుణ్య మెల్లగా, "జాబేజ్ మామకి తెలుసా?" అంది.

"తెల్దు."

"తెలియకపోతే ఇదేం బద్‌లా, ఏం పగ తీర్చుకోవడం మా? నువ్వు కొట్టావని వాడికి తెలియొద్దా?"

"తెలుస్తాది. గోడలు లెగనీ. తడారనీ."

"తెలిశాక నీ ఉద్యోగం పోతే?"

"పోతే ఇంట్లో కూసుని నీకు సంబంధాలు సూస్తాను."

"ధత్! అయితే ఉద్యోగం పోకూడదని నేనే ప్రార్థన చేస్తా."

దిమ్మెలు వెళ్ళిపోయాయి. కాంతం వాటి వెనకే వెళ్ళి, నల్లవి ఏ గోడకి పేరుస్తున్నారో కళ్ళారా చూడాలనుకుంది. ఆ గోడ పక్కనే తన చోటు పెట్టుకోవాలనుకుంది. కానీ యార్డులో వానాకాలానికి ముందు పని ముంచుకొచ్చింది. అటు ప్రతిష్ఠకి విశాఖపట్నంనుంచి రావలసిన పెద్ద పాస్టరుగారు ముందే వస్తానన్నారని జాబేజ్ మేస్త్రీలను తొందరపెట్టాడు. ఆమెకు సెలవు దొరికి వెళ్ళేసరికి నాలుగు గోడలకూ ప్లాస్టరింగు అయిపోయి, తెల్లసున్నం కూడా పడింది. లోపల తడిసున్నం వాసన. నాలుగు వైపులా ఒకటే తెలుపు, కాగితంలా. మేస్త్రీలు పని ముగించుకుని సొంతూరు ముర్షిదాబాద్ వెళ్ళిపోయారు. బండ్ల నుంచి దిమ్మెలు దించిన కూలీలని అడిగితే, ఎర్రవో నల్లవో ఎవరు చూశారు, చేతికందినవి అందించాం అన్నారు.

నల్లదిమ్మెలు ఒక్క గోడకి సరిపడా ఉంటాయి. ఏ గోడో తెలియదు. నాలుగింటిలోనూ చెదిరిపోయి ఉన్నాయేమో, అదీ తెలియదు. ఖాళీ మందిరంలో కాంతం గోడ వెంబడి అరచెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి వచ్చింది. ఎక్కడా చెయ్యి ఆగలేదు. అన్ని గోడలూ చల్లగానే ఉన్నాయి. అప్పుడు మాత్రం కళ్ళు నిండాయి.

ప్రతిష్ఠ రోజు మందిరం నిండిపోయింది. జాబేజ్ కొత్త కోటు వేసుకున్నాడు. తలుపు తాళం తీసే గౌరవం అతనిదే. రెండు రెక్కలూ తోసి, పక్కకి తప్పుకుని, అందరినీ లోపలికి రమ్మన్నాడు. కాంతం ఆ చేతిని చూస్తూ లోపలికి నడిచింది.

మైకు ముందు జాబేజ్ గొంతు మోగింది. "పాత మందిరం తప్ప ఇంకొక రవ్వ ఈ గోడల్లో కలవలేదు. మన పెద్దలే మన చుట్టూ నిలబడి ఉన్నారు." ఆమెన్ అన్నారు జనం. పెద్ద పాస్టరుగారు సాక్ష్యాలకు పిలిచారు. ఎవరి మనసులో ఏముంటే అది లేచి చెప్పుకునే సమయం అది. కాంతం దీనికోసమే ఇన్నాళ్ళూ మాటలు పేర్చుకుంది. లేచి నిలబడింది.

ముందు వరసలు వెనక్కి తిరిగాయి. జాబేజ్ చిరునవ్వుతో తల ఊపాడు, చెప్పమ్మా అన్నట్టు. నాలుకమీద మాట ఉంది. ఆ క్షణంలో ఆమెకు రేపు కనిపించింది. అందరికీ చెబితే కేకలు లేస్తాయి. జాబేజ్ మోసపోయినవాడవుతాడు, జనం అతన్ని ఓదారుస్తారు. కమిటీ కూర్చుంటుంది. గోడలు తవ్విస్తారు. బైరాగి పెట్టె రెండోసారి బయటికి పోతుంది.

ఒక్కడికే చెబితే?

"నా పెనిమిటిని తలుసుకుంటన్నాను," అంది కాంతం. "ఇయ్యాల లోటు లేదు. దేవుడికి స్తోత్రం." కూర్చుంది. కారుణ్య ఆశ్చర్యంగా తల్లి మొహంలోకి చూసింది.

ఆరాధన అయ్యాక వరండాలో భోజనాలు. కార్యదర్శి స్వయంగా వడ్డించడం సంఘంలో ఆనవాయితీ. జాబేజ్ కోటు విప్పి, గరిటె పట్టుకుని పప్పు వడ్డిస్తున్నాడు. కాంతం విస్తరాకు పట్టుకుని వరసలో అతని ముందుకొచ్చింది.

"మందిరం బాగుంది అన్నియ్యా."

"అంతా దేవుడి కృప. నీ కష్టం కూడా ఉంది కాంతం. దిమ్మెలు ఇనుములా ఉన్నాయని మేస్త్రీ అన్నాడు."

"ఉంటాయి. మా ఆయన ఉన్నాడు కదా అందులో."

"అవునమ్మా. పోయినవాళ్ళంతా ప్రభువు దగ్గర..."

"ప్రభువు కాడ కాదు. గోడలో." ఆమె గొంతు పెంచలేదు. ఉప్పు అడిగినట్టు చెప్పింది. "తారాతలా సందులో మ్యాన్‌హోలు తవ్వేసినారు. ఆ ఇటుక మా యార్డుకొచ్చింది. కడిగినాను, రవ్వ సేయించినాను, దిమ్మెలు పోసినాను. నువ్వే ఆర్డరిచ్చినావు, నువ్వే మోయించినావు, ఇందాకల నువ్వే తలుపు తీసి లోపలికి పిలిసినావు."

గరిటె గిన్నె అంచున ఆగిపోయింది.

"అబద్ధం చెప్పకు."

"యార్డులో సలీముంటాడు. ఎల్లి అడుగు."

"మరి... మన నాన్న గోడ?"

"బస్‌స్టాపు కాడ లెగుస్తంది సూడు మరుగుదొడ్డి. అందులో ఉంది. నీకు షుగరు కదా, రోజుకి నాలుగుసార్లు ఎల్లొచ్చు."

వరసలో వెనకనుంచి ఎవరో, "కార్యదర్శిగారూ, పప్పు ఇక్కడిదాకా వస్తుందా లేదా?" అని నవ్వుతూ అరిచారు.

"సెప్పు అందరికీ," అంది కాంతం. "మైకు ఇంకా తీయలేదు. ఇంకొక రవ్వ కలవలేదన్నావు కదా, కలిసిందని సెప్పు. గోడలు కూలగొట్టించు. పెద్ద పాస్టరుగారు కూడా ఉన్నారు."

అతను మైకు వైపు చూశాడు. పెద్ద పాస్టరుగారి వైపు చూశాడు. తరవాత గరిటె పప్పులో ముంచి చెల్లెలి విస్తరిలో వడ్డించాడు. కొంచెం కింద ఒలికింది. కాంతం ఆ రోజు కడుపునిండా తిన్నది.

ఆ తరవాతి ఆదివారాల్లో జాబేజ్ కుదురుగా కూర్చోలేదు. ఎప్పుడూ కూర్చునే ముందు వరస, కుడిగోడ పక్క కుర్చీ వదిలేసి ఎడమగోడకి వచ్చాడు. పాట మధ్యలో ఉలిక్కిపడి లేచి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. వీపుకి గోడ తగిలేసరికి అక్కడినుంచీ జరిగాడు. నడుంనొప్పి అని చెప్పుకున్నాడు. ఎవరో నూనె సలహా ఇచ్చారు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం అతను యార్డుకి వచ్చాడు. ఈసారి జేబురుమాలు అడ్డం పెట్టుకోలేదు. కాంతం దిమ్మెలకు పైపు పడుతోంది.

"కాంతం. ఒక్కటి చెప్పు చాలు. ఏ గోడ?"

"దేనికి?"

"కూర్చోలేకపోతున్నానే. ఎటు కూర్చుంటే అటువైపునే పక్కన ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. ఏ గోడో తెలిస్తే దానికి దూరంగా ఉంటాను. నీకేం పోయింది? నీ పంతం నెగ్గింది కదా. ఆ మనిషి ఏ గోడలో ఉన్నాడో చెప్పెయ్."

"ఏ మనిసి?"

చెల్లెలి పెళ్ళయిన ఇన్నేళ్ళలో జాబేజ్ బైరాగిని వరస పెట్టి పిలవలేదు. 'మీ ఆయన' అనేవాడు, 'ఆ మనిషి' అనేవాడు, ఎక్కువసార్లు అసలు ఏమీ అనేవాడు కాదు.

"నీకు ఏటవుతాడో ఆ మాటెట్టి అడుగు," అంది కాంతం. "సెప్తాను."

దిమ్మెల మీదినుంచి నీళ్ళు జారుతున్నాయి. అవతల మర ఆగి ఉంది, ఆడవాళ్ళు నీడలో అన్నాలు తింటున్నారు. అతని పెదవులు రెండుసార్లు కదిలి మూతపడ్డాయి.

"బావ..." అన్నాడు చివరికి. "బావ ఏ గోడలో ఉన్నాడే?"

కాంతం పైపు కింద పడేసింది. ఇన్నేళ్ళు వండుకున్నదంతా ఒక్కసారి గొంతుదాకా వచ్చింది. వందరకాల అబద్ధాలు చెప్పవచ్చు. కానీ ఆ మాట విన్నాక నోట్లోంచి నిజమే వచ్చింది.

"తెల్దు అన్నియ్యా."

"ఏటి?"

"నాకూ తెల్దు. నానొచ్చేసరికి ప్లాస్టరింగు అయిపోనాది. మేస్త్రీలు ఎల్లిపోనారు. నానూ ఎతుక్కుంటన్నాను."

జాబేజ్ ఆమె మొహంలోకి చూశాడు.

"చెప్పవు," అన్నాడు. "నాకు తెలుసు. నా చేత ఆ మాట అనిపించుకుని కూడా చెప్పవు. నువ్వు నన్ను బతకనివ్వవు."

"నిజం సెప్తన్నాను."

"చాల్లే."

అతను గేటు వైపు నడిచాడు. నమ్మడు. ఒట్టేసినా, కాళ్ళమీద పడి చెప్పినా నమ్మడు. తన చేతిలో ఇంత పెద్ద దెబ్బ మిగిలి ఉందని కాంతానికి అప్పటిదాకా తెలియదు.

ఆదివారం ఆమె తలుపు దగ్గరి బెంచీకి పోలేదు. నడవ వెంబడి ముందుకు వెళ్ళి, డాకు వాళ్ళ వరసలో, కుడిగోడకి వీపు ఆనించి తీరిగ్గా కూర్చుంది. పక్కనున్న ఆవిడ చీర సర్దుకుని కొంచెం జరిగింది. అవతల జాబేజ్ ఆమెను చూశాడు. ఆమె వీపు ఆనిన గోడను, ఇదేనన్నమాట అన్నట్టు, చూశాడు. నెమ్మదిగా తన కుర్చీ ఎడమకి జరుపుకున్నాడు.

మరుసటి ఆదివారం కాంతం ఎడమగోడ పక్కన కూర్చుంది.